ముందు ఏ వేలో చెప్పండి: దూరం బండి నడిపేటప్పుడు చేతులు తిమ్మిరెక్కకుండా ఏం చేయాలి

ఎల్బీనగర్‌లో తెల్లారకుండానే బయల్దేరి సూర్యాపేటలో ఇడ్లీకి ఆగాను. హెల్మెట్ తీద్దామంటే గడ్డం కింద బకిల్ ఊడదీయడం చేతకాలేదు. నేను నొక్కుతున్నాననే అనుకుంటున్నాను, వేళ్ళకు మాత్రం ఆ సంగతి తెలియడం లేదు. చివరికి పక్క టేబుల్ పెద్దాయన "ఇటు రా నాయనా" అని నా తల పైకెత్తించి, చిన్నపిల్లాడికి చొక్కా బొత్తాం విప్పినట్టు విప్పాడు. విజయవాడ ఇంకా సగం దూరం ఉంది.

ఆ తర్వాత ఆరు నెలల్లో ఫోమ్ గ్రిప్పులు కొన్నాను, జెల్ గ్లవ్స్ కొన్నాను, హ్యాండిల్ చివర బిగించే బరువులు కొన్నాను. తిమ్మిరి మాత్రం నకిరేకల్ దాటేసరికి ఠంచనుగా వచ్చేసేది. మా వదిన ఫిజియోథెరపిస్టు. ఫోన్లో ఏడుపు వినిపిస్తే ఒకటే అడిగింది: "ఏ వేళ్ళు?" అన్నీ అన్నాను. "అన్నీ ఉండవు, ఈసారి లెక్కపెట్టి చెప్పు."

లెక్కపెట్టాను. రెండు చేతుల్లోనూ బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు. చిటికెన వేళ్ళు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. తప్పు బ్రేకు, క్లచ్ లీవర్లు మరీ పైకి ఉండటంలో ఉంది. ఒక స్పానర్, ఒక పావుగంట, పైసా ఖర్చు లేదు. అందుకే ఏదీ కొనక ముందు వేళ్ళు లెక్కపెట్టమంటాను.

మొదటి పని: వేళ్ళ లెక్క

ఈసారి దూరం వెళ్ళినప్పుడు తిమ్మిరి మొదలవగానే ఆగి, ఫోన్లో మూడు ముక్కలు రాసుకోండి: ఏ చెయ్యి, ఏ వేళ్ళు, బయల్దేరిన ఎంతసేపటికి. ఇంటికి వెళ్ళాక గుర్తుచేసుకుందాం అనుకుంటే అప్పటికి అన్ని వేళ్ళూ ఒకటే అయిపోతాయి.

బొటనవేలు, చూపుడు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో మధ్యవేలి వైపు సగం. ఇవి మొద్దుబారితే మీడియన్ అనే నరం ఇబ్బంది పడుతోందని. మణికట్టు లోపలి వైపు ఎముకలు చిన్న దోనెలా అమరి ఉంటాయి, దాని మీద గట్టి పట్టీ మూతలా పరుచుకుని ఉంటుంది. ఆ ఇరుకు సందులోంచి వేళ్ళను ముడిచే 9 స్నాయువులతో పాటు ఈ నరం కూడా దూరి వెళ్ళాలి. మణికట్టు వెనక్కి విరిచి పెట్టినా, ముందుకు వంచి పెట్టినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇలాంటప్పుడు అనుమానించాల్సింది లీవర్ల కోణాన్ని, ఎక్స్‌లేటర్ పట్టుకునే తీరుని.

చిటికెన వేలు, దాని పక్కన ఉంగరపు వేలిలో సగం మొద్దుబారితే అది అల్నార్ నరం. మోచేయి తలుపు అంచుకు తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమంటుందే, అదే. ఇది రెండు చోట్ల నలుగుతుంది. అరచేతిలో చిటికెన వేలి కింద, మణికట్టు దగ్గర దిండులా ఉండే భాగాన్ని హ్యాండిల్‌కు ఆనించి ఒంటి బరువంతా వేస్తే అక్కడ. మోచెయ్యి గంటల తరబడి బాగా మడిచి ఉంచితే అక్కడ. హ్యాండిల్ మరీ ఎత్తుగా, ఒంటికి మరీ దగ్గరగా ఉన్న బండ్లలో ఈ రెండోది చూస్తాం.

వేళ్ళ తేడా లేకుండా చెయ్యంతా జుమ్మంటుంటే ఇంజన్ అదురు, గట్టి పట్టు, బిగుతు గ్లవ్స్, చలి, వీటిలో ఒకటో రెండో కారణం. భుజం నుంచే లాగుతూ కిందికి దిగుతుంటే చేతుల్ని వదిలేసి మెడనీ, వీపున తగిలించుకున్న బ్యాగు పట్టీలనీ చూడండి.

చేతుల తేడా కూడా చాలా చెబుతుంది. కుడి చెయ్యి ఒక్కటే అయితే ఎక్స్‌లేటర్. ఎడమ ఒక్కటే, అదీ ఊళ్ళో ట్రాఫిక్ దాటాక అయితే క్లచ్. రెండూ సమానంగా అయితే లీవర్లు, కూర్చునే తీరు, అదురు.

రెండో పని: లీవర్ల కోణం

చాలా బండ్లు షోరూం నుంచి లీవర్లు దాదాపు నేలకు సమాంతరంగా పెట్టుకుని వస్తాయి. అలా ఉంటే వేళ్ళు లీవర్ మీదికి ఎక్కాలి, వేళ్ళు ఎక్కాలంటే మణికట్టు కిందికి విరగాలి. పది నిమిషాలకు ఏమీ కాదు. మూడు గంటలైతే నరం గోల పెడుతుంది.

బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టండి. స్టాండ్ లేకపోతే ఎవరినైనా వెనక పట్టుకోమనండి. మీరు దూరం వెళ్ళేటప్పుడు వేసుకునే జాకెట్, గ్లవ్స్, బూట్లతోనే ఎక్కి, నిజంగా నడిపేటప్పుడు కూర్చున్నట్టే కూర్చోండి. కళ్ళు మూసుకుని చేతులు గ్రిప్పుల మీద పెట్టి, వేళ్ళు నాలుగూ తిన్నగా ముందుకు చాపండి. కళ్ళు తెరవండి. ముంజేయి, మణికట్టు, అరచేతి వెనక భాగం, వేళ్ళు ఒకే వాలులో ఉండాలి, ఆ వేళ్ళు లీవర్ల మీద వాలాలి. వేళ్ళు లీవర్ కిందికి పోతున్నాయంటే లీవర్ ఎత్తుగా ఉందని అర్థం. పక్కనుంచి ఎవరి చేతైనా ఒక ఫోటో తీయించుకుంటే మీకే తెలిసిపోతుంది.

లీవర్‌ని హ్యాండిల్‌కు పట్టి ఉంచే క్లాంప్‌కు ఒకటో రెండో బోల్టులుంటాయి. సాధారణంగా చిన్న స్పానరో అలెన్ కీయో సరిపోతుంది. బోల్టు పూర్తిగా తీయొద్దు, లీవర్ చేత్తో తిప్పితే కదిలేంత వదులు చేస్తే చాలు. కొంచెం కిందికి తిప్పి, మళ్ళీ కళ్ళు మూసుకుని చూసుకోండి. ఒకేసారి ఎక్కువ దించకండి. మరీ కిందికి పోతే మణికట్టు అటువైపు వంగుతుంది, మళ్ళీ అదే నరం.

బిగించాక ఈ కింది పరీక్షలు చేయకుండా మాత్రం బండి కదపొద్దు. క్లచ్ కేబుల్ ఎక్కడా మెలిక పడకూడదు. డిస్క్ బ్రేకు ఉన్న బండికి లీవర్‌తో పాటు బ్రేక్ ఆయిల్ డబ్బా కూడా తిరుగుతుంది. అది మరీ ఒరిగిపోకూడదు, గొట్టం లాగినట్టు ఉండకూడదు. ఇంజన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో హ్యాండిల్‌ని కుడి చివరిదాకా, ఎడమ చివరిదాకా తిప్పండి. ఇంజన్ చప్పుడు తనంతట తాను పెరిగితే ఎక్స్‌లేటర్ కేబుల్ బిగుసుకుంటోందని. అలా నడిపితే యూటర్న్‌లో బండి ఎగిరి పడుతుంది. అద్దాలు కూడా తిరిగిపోయి ఉంటాయి, సరిచేసుకోండి. నేను మొదటిసారి ఈ చివరిది మర్చిపోయి, హయత్‌నగర్ దాకా అద్దంలో నా మోచేతినే చూసుకుంటూ వెళ్ళాను.

చేతులు చిన్నవైనవాళ్ళకు ఇంకో సంగతి. లీవర్ గ్రిప్పుకు ఎంత దూరంలో ఉందో చూడండి. కొన్ని బండ్లలో లీవర్ మొదట్లో అంకెలు వేసిన చిన్న చక్రం ఉంటుంది, దాన్ని తిప్పితే లీవర్ దగ్గరవుతుంది. లేని బండికి అలా జరిగే లీవర్లు విడిగా దొరుకుతాయి. అమ్మాయిలు చాలామంది ఈ ఒక్క ఇబ్బందితోనే "నా చేతులకు బలం లేదు" అనుకుని ఊరుకుంటున్నారు. బలం సమస్యే కాదది.

హ్యాండిల్ మొత్తాన్నే వెనక్కో ముందుకో తిప్పడం, కింద ఎత్తు పెంచే రైజర్లు వేయించడం దీని తర్వాతి మాట. ముందుకు వంగి చేతుల మీద పడిపోయే బండ్లలో రైజర్లు నిజంగా పనిచేస్తాయి. అయితే ఎత్తు పెరిగేకొద్దీ కేబుళ్ళు, బ్రేక్ గొట్టం చాలకుండా పోతాయి. రెండు చివరలకీ తిప్పి చూసే పరీక్ష ఇక్కడ ఇంకా ముఖ్యం.

మూడో పని: కుడి చెయ్యి

హైవే మీద ఎక్స్‌లేటర్‌ని గంటసేపు ఒకే చోట పట్టుకుని ఉంటాం. పట్టుకునేది బండి ఆగి ఉన్నప్పుడు. అప్పుడు మణికట్టు తిన్నగానే ఉంటుంది. స్పీడు అందుకునేసరికి చెయ్యి గ్రిప్పుతో పాటు తిరిగి మణికట్టు కిందికి వాలిపోతుంది, ఇక అలాగే సూర్యాపేట దాకా ఉండిపోతుంది.

దీనికి మందు చాలా చిన్నది. స్పీడు అందుకున్నాక, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, పట్టు ఒక్క క్షణం సడలించి అరచేతిని గ్రిప్పు మీద ముందుకు జరిపి మళ్ళీ పట్టుకోండి. మణికట్టు తిన్నగా ఉండగానే ఎక్స్‌లేటర్ కావలసినంత తెరిచి ఉండాలి. చపాతీ కర్ర పట్టుకున్నట్టు అడ్డంగా కాకుండా, స్క్రూడ్రైవర్ పట్టుకున్నట్టు కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే ఇంకా హాయి. మొదట్లో ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా గుర్తుచేసుకోవాలి. నాలుగైదు ప్రయాణాల తర్వాత అదే అలవాటైపోతుంది.

గ్రిప్పు తిప్పడానికి బరువుగా ఉంటే కేబుల్‌కు నూనె కావాలి. మామూలుగా గ్రిప్పు 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఊరికే తిరిగాక ఇంజన్ అందుకోవాలి. వదిలేయగానే టక్కున వెనక్కి రావాలి. రాకపోతే ఆ రోజు ప్రయాణం మానుకుని మెకానిక్ దగ్గరికి వెళ్ళండి.

గ్రిప్పుకు తొడిగి అరచెయ్యి ఆనించుకునే ప్లాస్టిక్ రెక్కలు దొరుకుతాయి, థ్రాటిల్ అసిస్ట్ అంటారు. వేళ్ళతో పిండకుండా అరచేతి బరువుతోనే ఎక్స్‌లేటర్ నిలుస్తుంది. ధర తక్కువ, ఉపయోగం నిజం. కానీ ఊళ్ళోకి రాగానే దాన్ని తీసేయాలి, లేదా పక్కకి తిప్పేయాలి. బ్రేకు కోసం చెయ్యి జరిపినప్పుడు అరచెయ్యి దానికి తగిలి బండి ముందుకు దూకిన సంఘటనలు నాకే రెండున్నాయి. అరకు ఘాట్‌లోనూ, మారేడుమిల్లి మలుపుల్లోనూ అది అసలు వద్దు.

నాలుగో పని: క్లచ్

ఎడమ చెయ్యి ఒక్కటే నొస్తోందా? మొదట అలవాటు చూసుకోండి. సిగ్నల్ దగ్గర 90 సెకన్లు ఉందని కనిపిస్తున్నా గేర్లోనే పెట్టి క్లచ్ నొక్కి పట్టుకునేవాళ్ళు మనలో ఎంతమందో. ముందున్న బండ్లు ఆగాయి, వెనక బండి కూడా ఆగిందని అద్దంలో చూసుకున్నాక న్యూట్రల్ చేయండి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు దాటేలోపే చెయ్యి సగం అలసిపోతే, మిగతా 200 పైచిలుకు కిలోమీటర్లు ఆ అలసిన చేత్తోనే కదా నడపాలి.

తర్వాత కేబుల్. కాలం గడిచేకొద్దీ క్లచ్ ఎంత మెల్లగా బిగుసుకుంటుందంటే మనకు తెలియనే తెలియదు. అదే మోడల్ బండి ఉన్న స్నేహితుడి క్లచ్ ఒకసారి నొక్కి చూడండి, తేడా అక్కడ తెలుస్తుంది. నూనె పట్టిస్తే దారికి రావచ్చు. లోపల తీగ పోగులు విడుతుంటే కొత్తది వేయించాల్సిందే, అది దారిలో తెగితే బాధ ఇంకో రకం. లీవర్ చివర చాలా బండ్లకు సెంటీమీటరు, ఒకటిన్నర సెంటీమీటరు ఖాళీ ఆట ఉండాలి. కచ్చితమైన లెక్క మీ బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

ఐదో పని: బరువు చేతుల మీంచి దించడం

హ్యాండిల్ ఉన్నది బండిని తిప్పడానికి. మనమేమో దాన్ని బస్సులో పైకమ్మీలా పట్టుకుని వేలాడతాం.

మీ బరువు ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద 40, 50 స్పీడులో వెళ్తూ, చేతులు గ్రిప్పుల మీదే ఉంచి మోచేతుల్ని కోడి రెక్కలాడించినట్టు రెండుసార్లు ఆడించండి. తేలిగ్గా ఆడితే సరే. కర్రల్లా బిగుసుకుని ఉంటే, ఆడించగానే హ్యాండిల్ కూడా ఊగితే, మీ నడుము చేయాల్సిన పని మణికట్లు చేస్తున్నాయి.

మోకాళ్ళతో ట్యాంకుని మెల్లగా అదిమి పట్టండి. బ్రేకు వేసినప్పుడు ఒళ్ళు ముందుకు జారకుండా ఆపాల్సింది తొడలే, అరచేతులు కాదు. ట్యాంకుకు కొంచెం దగ్గరగా జరిగి కూర్చోండి, అప్పుడు మోచేతులు వాటంతటవే వంగుతాయి. సీటు ముందుకు జారుడుగా ఉంటే ఎంత జరిగినా మళ్ళీ చేతుల మీదికే వచ్చి పడతారు, అలాంటి సీటుని కుట్టేవాడి దగ్గరికి తీసుకెళ్ళి ముందువైపు కాస్త దూది పెంచమనండి. పట్టు విషయానికొస్తే, పసిపిల్ల చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తామే, అంత చాలు. వదిలిపోకూడదు, నలిగిపోకూడదు.

బ్యాగు వీపున వద్దు. ల్యాప్‌టాప్, రెండు జతల బట్టలు, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా, ఇవన్నీ భుజాల మీదుగా లాగుతూ చేతుల్లోకే దిగుతాయి. వెనక సీటుకో క్యారియర్‌కో కట్టేయండి.

వెనక ఎవరైనా కూర్చుంటే వాళ్ళతో ముందే మాట్లాడుకోవాలి. మీరు బ్రేకు వేసిన ప్రతిసారీ వాళ్ళు మీ వీపు మీదికి వచ్చి పడితే, ఇద్దరి బరువూ మీ మణికట్ల మీదే. ఒక చెయ్యి వెనక పట్టుకునే కమ్మీ మీద ఉంచమనండి. నిద్ర వస్తే చెప్పమనండి, ఆగి టీ తాగుదాం.

ఆరో పని: అదురు ఎక్కణ్ణుంచో కనిపెట్టడం

అదురుతో చేతులు జుమ్మంటుంటే మొదట తేల్చాల్సింది అది ఇంజనుదా, చక్రాలదా అని. వెనకా ముందూ ఎవరూ లేని రోడ్డు మీద 60లో వెళ్తూ క్లచ్ నొక్కి ఎక్స్‌లేటర్ వదిలేయండి. అదురు వెంటనే తగ్గిపోతే ఇంజన్. స్పీడుతో పాటు మెల్లగా తగ్గితే చక్రాలు, టైర్లు.

చక్రాలదైతే మొదట గాలి చూడండి. పంక్చర్ షాపులో "నలభై కొట్టనా అన్నా?" అంటే తలూపేస్తాం. గాలి ఎక్కువైన టైరు గులకరాయిని కూడా చేతికి చెబుతుంది. ఎంత ఉండాలో చైన్ కవర్ మీదో, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. తర్వాత వీల్ బ్యాలెన్సింగ్, రిమ్ వంకర, హ్యాండిల్ కింద అది తిరగడానికి ఉండే బేరింగులు, అంటే కోన్ సెట్. కోన్ సెట్ అరిగితే ముందు బ్రేకు వేసినప్పుడు టక్‌మని తగులుతుంది.

ఇంజన్‌దైతే కొంత దాని పుట్టుకలోనే ఉంది. ఒకే సిలిండర్ ఉన్న ఇంజన్లో ఒకే పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకుంటుంది, ఆ దెబ్బను సరిచేసే జోడీ ఉండదు. అందుకని ఎదురు తిరిగే బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత 350 బుల్లెట్‌లో అది లేదు. 2020లో మీటియోర్‌తో వచ్చిన కొత్త 350 ఇంజన్లో ఉంది. రెండూ నడిపినవాళ్ళకు ఆ తేడా చేతుల్లోనే తెలుస్తుంది. పాత బుల్లెట్ మీద ప్రేమ ఉంటే ఉండనివ్వండి. 70, 75 దాటించి గంటల తరబడి నడపమని మాత్రం ఆ ఇంజన్ మిమ్మల్ని అడగలేదు.

ఈ అదురు బలం ఇంజన్ తిరిగే వేగానికి వర్గంగా పెరుగుతుంది. నిమిషానికి 5,000 సార్లు తిరిగేదాన్ని 4,500కి దించితే వేగం తగ్గేది పదో వంతే, అదిరే బలం మాత్రం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. దీనికి తోడు ప్రతి హ్యాండిల్‌కూ తనకంటూ ఒక స్వరం ఉంటుంది, ఇంజన్ ఆ స్వరం అందుకున్నప్పుడు తీగ మీటినట్టు మోగిపోతుంది. కాబట్టి మీ బండి ఏ స్పీడులో నిమ్మళంగా ఉంటుందో వెతకండి. టాప్ గేర్లో 60 నుంచి మొదలుపెట్టి ఐదైదు చొప్పున పెంచుతూ, ఒక్కో స్పీడులో రెండు నిమిషాలు ఉండి చూడండి. నా బండి 72 దగ్గర వీణ, 80 దగ్గర పిండిమర, 86 దగ్గర మళ్ళీ మంచిది. నేను 72తోనే సరిపెట్టుకుంటాను.

అలాగని ఆ స్పీడుకు మేకులా అతుక్కుపోకండి. మధ్యమధ్యలో కాస్త పెంచుతూ తగ్గిస్తూ ఉంటే చేతులకు మార్పు ఉంటుంది.

ఇంత చేసినా ఈమధ్యే కొత్తగా అదురు పెరిగిందంటే ఏదో వదులైంది. ఇంజన్‌ని ఛాసిస్‌కు పట్టి ఉంచే బోల్టులు, పొడిబారిన చైన్, మరీ బిగుతైన చైన్, వెనక హబ్బులో అరిగిన రబ్బర్లు, ఈ వరుసలో చూపించండి. హ్యాండిల్ రెండు చివర్లా కంపెనీ బిగించిన ఇనుప బరువులు ఉన్నాయో లేదో కూడా చూడండి. హ్యాండ్ గార్డులు బిగించేటప్పుడు వాటిని తీసి పక్కన పడేయడం మామూలే. అవి అందానికి పెట్టినవి కావు, హ్యాండిల్ మోగే స్వరాన్ని మార్చడానికి పెట్టినవి.

ఫ్యాక్టరీల్లో డ్రిల్లింగ్ మిషన్లు పట్టుకునేవాళ్ళ చేతుల్ని కాపాడటానికి లెక్కలు కట్టే పద్ధతి ఒకటుంది. దాని ప్రకారం అదురు సగానికి తగ్గితే చెయ్యి అదే భారానికి నాలుగింతల సేపు ఓర్చుకుంటుంది. పది స్పీడు తగ్గించుకుంటే విజయవాడ దాకా ఆలస్యమయ్యేది ఓ అరగంట, అంతే.

ఏడో పని: గ్రిప్పులు, గ్లవ్స్, చేతికున్నవి

ఇక్కడికి వచ్చేసరికి చాలామందికి కొనాల్సిన అవసరం తీరిపోయి ఉంటుంది. ఇంకా ఉంటే, అరిగి రాయిలా అయిన గ్రిప్పుల స్థానంలో మెత్తటి రబ్బరువి వేయించండి. మీద తొడిగే ఫోమ్ గొట్టాలు పనిచేస్తాయి, కాకపోతే గ్రిప్పు లావవుతుంది. చిన్న చేతులకు లావు గ్రిప్పు అంటే ఎక్కువ పిండటం, అంటే మళ్ళీ తిమ్మిరి. కుడివైపు తొడిగినది స్విచ్చుల పెట్టెకు రాసుకుని ఎక్స్‌లేటర్ వెనక్కి రాకుండా ఆపుతోందేమో తప్పక చూడండి.

గ్లవ్స్ వేసుకుని పిడికిలి బిగిస్తే అరచేతిలో ముడతలు గుత్తంగా పడుతున్నాయా, వేళ్ళ సందుల్లో లాగుతోందా? సైజు చిన్నది. అరచేతి మధ్యలో లావు కుట్టు ఉన్నవి వద్దు. జెల్ మరీ మందంగా ఉన్నవి కూడా నాకు నచ్చవు, హ్యాండిల్ చేతికి తెలియక ఇంకా గట్టిగా పట్టేస్తాం. మణికట్టు పట్టీ కింద ఒక వేలు దూరాలి. ఆ పట్టీ కింద వాచీ, కడియం, కాశీతాడు ఉంటే తీసి జేబులో వేసుకోండి. కాశీతాడు తీయడం ఇష్టం లేకపోతే పట్టీకి పైన, మోచేతి వైపు జరపండి. చెప్పడానికి నవ్వొచ్చేంత చిన్న సంగతి, కానీ అది నొక్కేది సరిగ్గా నరం మీదే.

చలికాలం తెల్లవారుజామున లంబసింగికో అరకుకో వెళ్ళేవాళ్ళ లెక్క వేరు. అక్కడ వేళ్ళు చచ్చుబడేది చలికి. లోపల ఒక పల్చటి గ్లవ్ జత, బయట గాలి ఆపే హ్యాండ్ గార్డు, ఆగినప్పుడు వేడి టీ గ్లాసు రెండు చేతులా పట్టుకోవడం. తడిసిన గ్లవ్స్‌తో ఘాట్ ఎక్కకండి, పొడి జత ఇంకొకటి ఉంచుకోండి.

ఎనిమిదో పని: ఆగడం

తిమ్మిరి వచ్చాక ఆగితే అప్పటికే ఆలస్యం. రాకముందే ఆగాలి. మీ రాతల్లో 80 నిమిషాలకు మొదలవుతుందని ఉంటే 60కే ఆగండి. విజయవాడ దారిలో నాకు టోల్ ప్లాజాలే గడియారం: పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. టూవీలర్‌కి టోల్ కట్టక్కర్లేదు, ఆ పక్కన నీడలో నిలబడటానికీ ఎవరూ ఏమీ అడగరు. హైవే అంచున తెల్లగీత మీద మాత్రం ఆపకండి.

ఆగిన ఐదు నిమిషాల్లో: గ్లవ్స్ తీసి చేతులు కిందికి వేలాడేసి విదిలించండి. దణ్ణం పెట్టినట్టు అరచేతులు కలిపి, అవి విడిపోకుండా బొడ్డు వైపు మెల్లగా దించండి, 20 సెకన్లు. తర్వాత చేతుల వెనక భాగాలు కలిపి, వేళ్ళు నేలవైపు, ఇంకో 20 సెకన్లు. పిడికిలి మూసి, వేళ్ళు బాగా చాపి తెరవడం పదిసార్లు. భుజాలు చెవులదాకా ఎత్తి వదిలేయడం ఐదుసార్లు. జివ్వుమంటే అక్కడితో ఆపేయాలి, బలవంతంగా లాగొద్దు. నీళ్ళు తాగండి.

ఆ ఐదు నిమిషాలూ ఫోన్ పట్టుకుని రీల్స్ చూడకండి. మణికట్టు వంచి, బొటనవేలితో తోస్తూ, అదే నరానికి అదే పని. విశ్రాంతి అని పేరు మాత్రమే.

నడుస్తుండగా ఎడమ చెయ్యి ఒక్కటి, తిన్నటి రోడ్డు మీద, కొన్ని సెకన్లు తొడ పక్కన వేలాడేసుకోవచ్చు. పక్కకు చాపి విదిలించకండి, వెనక లారీ ఆయన మీరు దారి ఇస్తున్నారనుకుంటాడు. కుడి చేతికి విశ్రాంతి బండి ఆగాకే.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు

దిగిన అరగంటలో పోయే తిమ్మిరి బండిది. మర్నాటికీ ఉంటే, రాత్రి నిద్రలో చేతులు జివ్వుమని లేపుతుంటే, గ్లాసులు జారిపోతుంటే, చొక్కా బొత్తాం పెట్టుకోవడం కష్టమైతే, బొటనవేలి మొదట్లో కండ పల్చబడినట్టు కనిపిస్తే, చలిలో వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోతుంటే అది బండిని దాటి వచ్చేసింది. షుగర్, థైరాయిడ్ ఉన్నవాళ్ళకూ, గర్భిణులకూ మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి బీ కాంప్లెక్స్ సూదులు వరసగా పొడిపించుకుంటూ ఏడాది గడిపేసేవాళ్ళని చూశాను. న్యూరాలజిస్టుకో ఆర్థోపెడిక్ డాక్టరుకో చూపిస్తే, అవసరమైతే నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచే పరీక్ష రాస్తారు. తొలి దశలో రాత్రిపూట మణికట్టు తిన్నగా ఉంచే పట్టీతోనే చాలామందికి తగ్గుతుంది.

ఉన్నట్టుండి ఒకవైపు చెయ్యి పడిపోయినట్టయి, మాట తడబడినా, మూతి వంకర పోయినా అది తిమ్మిరి కాదు. బండి పక్కన పెట్టి 108కి ఫోన్ చేయించండి.

ఇంకొక్క పని మిగిలింది. లీవర్లు మీకు సరిపోయిన కోణంలో కుదిరాక, క్లాంప్ మీదనుంచి హ్యాండిల్ మీదికి గోళ్ళ రంగుతో సన్నటి గీత ఒకటి గీయండి. సర్వీసింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు లీవర్లను "సరిచేసి" మళ్ళీ పైకి ఎత్తేస్తారు. గీత రెండు ముక్కలై కనిపిస్తే, అక్కడే నిలబడి స్పానర్ అడగండి.